చెలికత్తెల మేడం

కడపలో ఆమె పనిచేసే డిగ్రీ కాలేజీకి పోయి హులిగెమ్మ గారు ఎక్కడుంటారని అడిగితే అటెండరు కాసేపు తెల్లమొహం వేస్తాడు. తెలుగు చెప్పే ఆవిడ అంటే మాత్రం వెంటనే నవ్వుతాడు. "చెలికత్తెల మేడమా? మేడ మీద, వేపచెట్టు పక్క గదిలో ఉండారు, పోండి" అని చెయ్యి చూపిస్తాడు. ఆ పేరు ఎప్పుడు ఎవరు పెట్టారో తెలియదు. వెనక బెంచీల్లో పుట్టి, వరండాల వెంట పాకి, స్టాఫ్ రూము దాకా వచ్చింది. మొదటిసారి చెవిన పడినప్పుడు హులిగెమ్మకు కోపం రాలేదు. సాయంత్రం ఇంటికి నడుస్తూ ఆ మాటను తనలో తానే రెండు మూడుసార్లు అనుకుంది. కొత్త గాజులు తొడుక్కున్న చెయ్యి ఊపి చూసుకున్నట్టు అనిపించింది.

ఆమె జీవితమంతా చేసిన పని నిజంగా అదే. పాత కావ్యాలలో ఒక నాయిక ఉంటుంది. ఆమె చుట్టూ నలుగురైదుగురు ఆడవాళ్లుంటారు. నాయిక విరహంతో పడుకుంటే గంధం పూస్తారు, తామరాకులతో విసురుతారు, నాయకుడి దగ్గరికి కబురు మోస్తారు, పలక మీద అతని బొమ్మ గీసి చూపిస్తారు, అవసరం పడితే ఆమె తల్లికి అబద్ధమూ చెప్తారు. పెళ్లి జరిగి పల్లకి కదలగానే పద్యంలోంచి మాయమైపోతారు. ఇన్ని వందల ఏళ్లుగా చదివినవాళ్లందరూ నాయికనే చూశారు. హులిగెమ్మ చూపు మాత్రం మొదటినుంచీ ఆ పక్కన నిలబడ్డవాళ్ల మీదే నిలిచిపోయింది.

ఆమె పుట్టింది కర్నూలు జిల్లా పడమటి కొసన, ఆలూరు దాటాక వచ్చే ఒక నల్లరేగడి పల్లెలో. తుంగభద్ర అవతలి ఒడ్డున ఉన్న అమ్మవారికి మొక్కుకుంటే పుట్టిందని ఆ తల్లి పేరే పెట్టారు. తండ్రి హనుమన్న, తల్లి భీమక్క. వాన పడిన ఏడు ఉన్న కాస్త చేలో బుడ్డలు, అంటే వేరుశనగ, వేసేవాళ్లు. ఆ పంట ఇంటికొచ్చినా, రాకపోయినా, చలికాలం ముదిరేసరికి ఊరు ఊరంతా మూటలు కట్టుకుని గుంటూరు దిక్కు మిరపకాయలు కోయడానికి కదిలిపోయేది. ఆ వలసను అక్కడ సుగ్గి అంటారు. సుగ్గికి పోయిన ఇళ్ల తలుపులకు ముళ్లకంపలు అడ్డం పెట్టి ఉండేవి. బడిలో సగం బెంచీలు ఖాళీ.

హులిగెమ్మను మాత్రం పోనివ్వలేదు, బళ్లో తెలుగు చెప్పే నరసన్న సారు. బండి ఎక్కబోతున్న హనుమన్నకు ఎదురు నిలబడి, "పాపను నాకు ఇడిసిపెట్టి పో హనుమన్నా. ఆలూరు హాస్టల్లో ఏస్తా. కాయలు కోసేకి మీ ఇద్దరు సాలరా?" అన్నాడు. అట్లా ఆమె హాస్టల్లో పడింది. ఎండలు ముదిరే వేళకు తల్లి తిరిగొచ్చి గేటు దగ్గర నిలబడేది. పరుగెత్తిపోయి వాటేసుకుంటే చీరలోంచి, వేళ్లలోంచి మిరప ఘాటు. తల్లి కౌగిలిలో తుమ్ములు ఆగేవి కావు. తల్లీకూతుళ్లిద్దరూ తుమ్ముతూ, నవ్వుతూ, ఏడుస్తూ ఉండేవాళ్లు.

ఆమె పదో తరగతికి వచ్చేసరికి నరసన్న సారు కూడా ఆలూరు బడికే బదిలీ అయ్యాడు. పాఠంలో ఒక పద్యం వచ్చింది. విరహంతో నాయిక పూలపాన్పు మీద వాడిపోయి ఉంది. చెలికత్తెలు రాత్రీ పగలూ ఆమెను కనిపెట్టుకుని ఉన్నారు. నరసన్న సారు రాగం తీసి చదివి, అర్థం చెప్పి, సందేహాలుంటే అడగమన్నాడు. హులిగెమ్మ లేచి నిలబడింది.

"సార్, ఆ సెలికత్తెలు అన్నం ఎప్పుడు తింటారు సార్?"

తరగతి ఘొల్లుమంది. సారు నవ్వలేదు. పుస్తకం మూశాడు. ఇన్నేళ్లుగా ఆ పద్యం చెప్తున్నాడు. వాళ్లకు ఆకలి అవుతుందని తనకెప్పుడూ తోచలేదు. "రాసినాయన చెప్పలేదు పాపా" అన్నాడు. ఆ మాట అన్నాక పాఠం ముందుకు సాగలేదు. గంట కొట్టే దాకా ఊరికే కూర్చున్నాడు.

డిగ్రీకి కర్నూలు వచ్చింది. హాస్టల్లో పక్క మంచం జెస్సీది. బేతంచెర్ల పిల్ల, కామర్సు చదివేది. తండ్రి ఏసేపు నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో పనివాడు. జెస్సీకి పద్యాలు ఒక్క ముక్క అర్థమయ్యేవి కావు, కానీ కథలంటే ప్రాణం. సాయంత్రం ఆరేసిన బట్టల మధ్య డాబా మీద కూర్చుని హులిగెమ్మ కావ్యాలు చదివి కథగా చెప్పేది. దూరంగా తుంగభద్ర ఇసుక మీద ఎండ ఎర్రగా కరిగిపోతుండేది. జెస్సీ మోకాళ్లు చుట్టుకుని, "ఆ తర్వాత ఏమాయె మే?" అంటూ వదిలేది కాదు.

ఒక సెలవుల్లో జెస్సీ వెంట బేతంచెర్ల పోయింది. మిట్టమధ్యాహ్నం రైలు దిగి ఊళ్లోకి నడుస్తూ హులిగెమ్మ నిలబడిపోయింది. రాళ్లు కోసే యంత్రాల నుంచి లేచిన తెల్లటి పొడి ఇంటి కప్పుల మీద, చెట్ల ఆకుల మీద, నిలబెట్టిన లారీల మీద, కునుకుతీస్తున్న కుక్కల వీపుల మీద పల్చగా పరుచుకుని ఉంది. కావ్యాల్లో పట్టణాన్ని వర్ణించేటప్పుడు వెన్నెల ఇట్లాగే కదా మేడల మీద పడుతుంది! పట్టపగలు వెన్నెల కాస్తున్న ఊరిని ఆమె మొదటిసారి చూసింది. ఆ వెన్నెలలోంచి ఏసేపు ఎదురొచ్చాడు. తల, కనుబొమలు, మీసం, అన్నీ తెలుపే. దగ్గుకుంటూ, "రా పాపా, మా జెస్సీ సెప్తాంటాది, నువ్వు శానా కతలు సెప్తావంటనే" అన్నాడు. జెస్సీ తల్లి విశ్వాసమ్మ గుమ్మంలో నీళ్ల చెంబు పట్టుకుని నిలబడి, కాళ్లు కడుక్కున్నాకగానీ ఎవరినీ లోపలికి రానివ్వలేదు. ఆదివారం చర్చిలో పాట పాడుతున్నప్పుడు హులిగెమ్మ ఏసేపునే చూస్తూ కూర్చుంది. స్నానం చేసి వచ్చినా చెవుల వెనక ఇంకా కొంచెం వెన్నెల మిగిలే ఉంది.

ఎమ్మే అయ్యాక పరిశోధనకు చేరింది. గైడు ప్రొఫెసర్ శాంతయ్య పెద్ద పండితుడు, మంచి మనిషి, కాస్త మొండి. ఆమె చెప్పిన అంశం విని కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"నాయికల మీద చేయమ్మా. ఎనిమిది రకాల నాయికలున్నారు, ఎనిమిది అధ్యాయాలు వాటంతటవే వస్తాయి. చెలికత్తెల దగ్గర ఏముంది, చేతిలో వింజామర తప్ప?"

"ఆ వింజామర గురించే రాస్తా సార్."

ఆయన ఆమెను ఎగాదిగా చూసి, "రాయి మరి. మధ్యలో వచ్చి ఏడవొద్దు" అని సంతకం పెట్టాడు.

అప్పటినుంచి లైబ్రరీలో చివరి బల్ల ఆమెదైపోయింది. పాత అచ్చు పుస్తకాలు తెరిస్తే కాగితాలు చిప్స్ లా విరిగేవి. ఒక్కో కావ్యం దాటేకొద్దీ పక్కన నిలబడ్డవాళ్లు ఒక్కొక్కరే వెలుగులోకి వచ్చారు. ఒకామె దేశదేశాల రాజుల ముఖాలు పలక మీద గీయగలదు. ఒకామె సభలో రాజునే నిలదీస్తుంది. ఒకామెకు జ్వరాలు తగ్గించే ఆకులు తెలుసు. పేర్లు మాత్రం హరిణనయన, మందయాన, కీరవాణి. అవి పేర్లు కావు, పోలికలు. కంటిని బట్టి ఒకరిని, నడకను బట్టి ఒకరిని, యతికి ఏది కుదిరితే దాన్ని బట్టి ఒకరిని పిలిచారు. అమ్మ పెట్టిన పేరు ఏ ఒక్కరికీ లేదు. ఎవరూ అచ్చు వేయని ఒక చిన్న ద్విపద కావ్యంలో మాత్రం, తెల్లవార్లూ నాయికను ఊరడించిన చెలి ఉన్నట్టుండి, నాకు నిద్ర వస్తున్నదే అంటుంది. ఒక్క పాదం, అంతే. ఆ పాదం దగ్గర హులిగెమ్మ ఎన్నో రోజులు ఆగిపోయింది. ఆ రాతప్రతి తెరవడం, ఆ ఒక్క పాదం చదవడం, మూసేయడం.

ఆ రోజుల్లోనే వాళ్లు రావడం మొదలుపెట్టారు. కల అందామంటే ఆమె మేలుకునే ఉండేది. మధ్యాహ్నం వేళ లైబ్రరీలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడనప్పుడు, ఎదురు బల్ల మీద ఎవరో వచ్చి కూర్చున్నట్టుండేది. తడి పాదాలు. ఆరిన గంధం వాసన. ఒకామె జడ విప్పుకుని మళ్లీ అల్లుకునేది. ఇంకొకామె కిటికీ చువ్వలకు తల ఆనించి చింతచెట్టును చూసేది. వాళ్లు గ్రాంథికం మాట్లాడేవాళ్లు కారు. "ఎండ శానా ఉండాది గదమే" అని అచ్చం ఆలూరు సంతలో ఆడవాళ్లలా అనుకునేవాళ్లు. ఆమె తల ఎత్తితే ఉండేవాళ్లు కారు. తల దించితే మళ్లీ వచ్చేవాళ్లు. భయం వేయలేదు. ఎవరికీ చెప్పలేదు కూడా, జెస్సీకి తప్ప. జెస్సీ అంతా విని, "నాకీ చూపియ్ మే ఒగసారి" అంది.

జెస్సీ అప్పటికి కర్నూలులో కొండారెడ్డి బురుజు వెనక సందులో ఒక డీటీపీ సెంటర్లో పనిచేసేది. పెళ్లి కార్డులు, కరపత్రాలు కొట్టడం ఆమె పని. హులిగెమ్మ థీసిస్ తానే కొడతానని పట్టుబట్టింది. కరెంటు ఉన్నంతసేపు టైపు చేయడం, పోగానే గుమ్మంలో కూర్చుని వాదించడం. పద్యాలు అర్థం కాని జెస్సీ ఆ మూడు నెలల్లో ఏ చెలి ఎవరి తాలూకో గుక్కతిప్పుకోకుండా చెప్పేంతదైంది. ఆఖరి పేజీ అయిపోయిన రోజు కుర్చీలో వెనక్కి వాలి అడిగింది.

"అంతేనా? పెండ్లి అయినంక వీళ్లంతా యాడికి పోయినారు మే?"

"కవులు రాయలేదు జెస్సీ."

"నువ్వు రాయి."

"లేనిది నేనెట్ల రాసేది? పరిశోధన అంటారు దీన్ని."

జెస్సీ ప్రింటు తీసిన కాగితాలు బొత్తిగా సర్దింది. మొహం మాత్రం కథ మధ్యలో పుస్తకం లాక్కున్నట్టు పెట్టింది.

డాక్టరేటు వచ్చింది. ఉద్యోగం రావడానికి చాలా ఏళ్లు పట్టింది. ప్రొద్దుటూరులో ఒక ఏడు, ఆదోనిలో ఒక ఏడు కాంట్రాక్టు పాఠాలు. ఒక ఇంటర్వ్యూలో బోర్డు మెంబరొకాయన ఆమె థీసిస్ పేరు చదివి పక్కాయనతో, "ఈ కాలంలో అయితే పనిమనుషుల మీద పరిశోధన అన్నమాట" అని నవ్వాడు. హులిగెమ్మ, "అవును సార్, అది కూడా ఎవరైనా చేయాల" అంది. ఆ ఉద్యోగం రాలేదు. తర్వాతి నోటిఫికేషన్లో వచ్చింది. పెళ్లి సంబంధాలు కొన్ని వచ్చాయి, కొన్ని పోయాయి. ఎందుకో ఏదీ కుదరలేదు, కుదరలేదని ఆమె పెద్దగా బాధపడలేదు. జెస్సీ మాత్రం గుంతకల్లులో రైల్వేలో పనిచేసే అరుణ్ కుమార్‌ను చేసుకుని అక్కడే తన సొంత డీటీపీ సెంటరు పెట్టుకుంది. ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే ఫోను చేసేది.

హనుమన్న పోయాక భీమక్కను కడపకు తెచ్చుకుంది. భీమక్కకు కూతురి ఉద్యోగం ఎన్నటికీ అంతుపట్టలేదు. వసారాలో కూర్చుని బియ్యం ఏరుతూ, పుస్తకంలో మునిగిపోయిన కూతురిని చూసి, "సదివేదే పనా పాపా? సదివి ఏం జేస్తావు?" అనేది. "మల్లా సదువుతా మా" అనేది హులిగెమ్మ. భీమక్క తల అడ్డంగా ఆడించి బియ్యం వైపు తిరిగేది.

అట్లా ఏళ్లు గడిచాయి. తెలుగు తీసుకునే పిల్లలు తగ్గిపోతూ వచ్చారు. పోయిన సంవత్సరం ఆఖరి ఏడాది తరగతిలో మిగిలింది ఏడుగురు ఆడపిల్లలు. వాళ్లలో శిల్ప అని ఒకతి ఉంది, జమ్మలమడుగు పిల్ల, నోరు మూయని రకం. గండికోటలో శీతాకాలపు ఉత్సవాలకు కాలేజీల నుంచి ఏదైనా ప్రదర్శన ఇవ్వమని కబురొచ్చినప్పుడు శిల్పే మొదట లేచింది.

"మేడం, మన చెలికత్తెల నాటకం ఏద్దాం. కానీ పెండ్లి దాకా వద్దు. పల్లకి పోయినాకనే మొదలుపెడదాం."

హులిగెమ్మకు డీటీపీ సెంటర్లో జెస్సీ ముఖం గుర్తొచ్చింది. "రాసేదెవరు?" అంది.

"ఎవరి మాటలు వాళ్లం రాసుకుంటాం మేడం."

ఆమె ఒక్క మాట కూడా దిద్దలేదు.

ఉత్సవాల వాళ్లు పెద్ద పాటకచేరీకి ముందు, జనం ఇంకా సర్దుకోని వేళ, ఒక అరగంట ఇచ్చారు. కోటలో ధాన్యాగారం ముందు రాతి అరుగే వేదిక. పొద్దు వాలుతోంది. ఎర్రటి రాళ్లు లోపల దీపం పెట్టినట్టు వెలుగుతున్నాయి. కింద లోయలో పెన్న ఎక్కడో మలుపు తిరిగి ఆకుపచ్చగా నిలబడి ఉంది. ఎన్ని అంతఃపురాలు ఈ కొండ మీద లేచాయో, ఎన్ని పల్లకీలు ఈ ద్వారంలోంచి కదిలాయో! హులిగెమ్మకు ఆ సాయంత్రం కాలం పల్చటి గుడ్డలా అనిపించింది. అవతల ఎవరో నిలబడితే నీడ ఇవతల పడుతుంది. జెస్సీ గుంతకల్లు నుంచి రైలు మీద వచ్చి, భీమక్కను ముందు వరసలో చాప మీద కూర్చోబెట్టి పక్కన తానూ కూర్చుంది.

సన్నాయి దూరమవుతూ దూరమవుతూ ఆగిపోయింది. అరుగు మీద ఏడుగురు పిల్లలు, నేల మీద చెల్లాచెదరుగా బంతిపూలు. ఒకతి అంది, ఇంతమంది ముఖాలు గీశాను, ఇంటికి పోయి నా ముఖం గీసుకుంటాను అని. ఒకతి మైదుకూరులో అన్న ఇంట్లో ఈనిన ఆవును చూడాలంది. ఒకతి హాయిగా రెండు రోజులు నిద్రపోతానంది. అప్పటిదాకా ఫోన్లు చూసుకుంటున్న జనం ఒక్కొక్కరే తల ఎత్తారు. ఒక్కొక్క పిల్ల తన మాట చెప్పి అరుగు దిగి వెళ్లిపోయింది. చివరికి శిల్ప ఒక్కతే మిగిలింది. వాగుడుకాయ శిల్పకు ఈ నాటకంలో మాటలు లేవు, తనే వద్దనుకుంది. వంగి పూలు ఒక్కొక్కటే ఏరి పావడ ఒడిలో వేసుకుంటోంది. ఏరడం అయిపోయింది. ఎటు పోవాలో తెలియనట్టు నిలబడింది. లోయలోంచి గాలి వచ్చి ఆమె ఓణీ ఎగరేసింది. నాటకం అక్కడితో అయిపోవాలి.

ముందు వరసలోంచి భీమక్క గొంతు వినిపించింది. "యాలమ్మా ఒగదానివే నిలబడుకోని ఉండావు? ఇట్ల రా పాపా. ఈడ కూసో."

జనంలో కొందరు నవ్వారు. శిల్ప ఉలిక్కిపడి చూసింది. తర్వాత మెల్లగా అరుగు దిగి వచ్చి, ఒడిలో పూలతో సహా భీమక్క పక్కన చాప మీద కూర్చుంది. భీమక్క జరిగి చోటిచ్చి, ఆ పిల్ల ముఖం మీద పడిన వెంట్రుకలు వెనక్కి తోసింది. అప్పుడు నవ్వినవాళ్లే చప్పట్లు కొట్టారు. అరుగు పక్కన స్తంభాన్ని పట్టుకుని నిలబడ్డ హులిగెమ్మకు చప్పట్లు ఎక్కడో కింద, నీళ్లలోంచి వస్తున్నట్టు వినపడ్డాయి.

మర్నాడు పొద్దున టీ గ్లాసు చేతిలో పెట్టుకుని భీమక్క తాగలేదు. "ఇదా పాపా నువ్వు ఇన్నేండ్లూ సదివేది?" అని అడిగింది.

"ఊ."

"నాకూ ఉండె ఒగతి" అంది భీమక్క.

ఆమె పేరు ఈరమ్మ. కోసిగి దిక్కు మనిషి. ఏడాదికోసారి గుంటూరులో మిరపచేలోనే కలిసేవాళ్లు. పక్కపక్క సాళ్లు పట్టుకునేవాళ్లు. "హాస్టల్లో నీకి జరమొచ్చిందని కబురొస్తే సెయ్యాడలే నాకి. ఏడుస్తా కూసుంటి. ఆ దినం నా సాలు గూడా ఆయమ్మనే కోసె. మీ నాయన పోయినంక నేను మల్లా సుగ్గికి పోలేదు. పోలేదని ఆయమ్మకు సెప్పేకి యాడ సెప్పల్ల? ఎదురుసూసిండాదో ఏమో."

"ఊరి పేరేంది మా?"

"ఊరెవరు అడిగినారు? కోసిగోళ్లు అంటాంటిమి, అంతే." భీమక్క ఎడమచేతి గాజులు పైకి తోసింది. మణికట్టు మీద పచ్చబొట్టు, ముడతల్లో కలిసిపోయిన చిన్న తేలు. "ఇట్లాంటిదే ఆయమ్మకుండాది. ఒగే దినం పొడిపించుకుంటిమి, చేను గట్టు మీద."

హులిగెమ్మ ఆ తేలును ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. ఎప్పుడూ అడగలేదు. తల్లి చెయ్యి తన చేతిలోకి తీసుకుని అట్లాగే కూర్చుంది. ఆ రోజు కాలేజీకి పోలేదు.

కోసిగిలో సంత జరిగే రోజు చూసుకుని బయలుదేరారు. కడపలో రైలెక్కితే గుంతకల్లులో జెస్సీ పులిహోర డబ్బాతో ఎక్కింది. ఆదోని దాటాక కొండలు మొదలయ్యాయి, ఎవరో ఆడుకుని వదిలేసినట్టు ఒకదాని మీద ఒకటి గుండ్లు. కిటికీ పక్కన భీమక్క మణికట్టు మీది తేలును వేలితో రాస్తూ కూర్చుంది. జెస్సీ మెల్లగా హులిగెమ్మ చెవిలో, "దొరకకపోతే?" అంది. హులిగెమ్మ పులిహోర డబ్బా మూత తీసి తల్లి ముందు పెట్టింది. ఇన్నేళ్లు కావ్యాల్లో వెతికింది. ఒక మనిషిని సంతలో వెతకడం ఎట్లాగో ఆమెకు తెలియదు.

సంతలో జెస్సీయే అందరినీ అడుగుతూ పోయింది. చింతపండు అమ్మే ఆమె పగలబడి నవ్వింది. "ఏ ఈరమ్మ తల్లీ? ఈడ ఇంటికొగ ఈరమ్మ ఉండాది." ఎండ నడినెత్తికొచ్చింది. భీమక్క అలిసిపోయి గాజుల బుట్ట పక్కన నీడలో కూలబడింది. గాజులమ్మే ఆడమనిషి అలవాటుగా ఆమె చెయ్యి అందుకుని, పచ్చబొట్టు చూసి ఆగింది.

"ఈ తేలు నేను ఇంకో సేతికి సూసినానే. పెద్ద గాజులు నిలవవు ఆయమ్మకు. ఈడికి రెండూళ్ల అవతల, కూతురింట్లో ఉంటాది."

ఆటో మాట్లాడుకుని పోయారు. ఊరి చివర బండలు కప్పిన ఇల్లు. గుమ్మంలో ఒక బక్కపల్చటి ముసలామె కొర్రలు చెరుగుతోంది. ఆటో చప్పుడుకు తల ఎత్తింది కానీ చూపు ఆనలేదు. భీమక్క దిగి, ఎదురుగా పోయి నిలబడి, తన చెయ్యి చాపింది. ముసలామె ఆ చేతిని పట్టుకుని వేలితో తడిమింది. చేట ఒళ్లోంచి జారి కొర్రలు నేల మీద పారాయి.

"భీమీ?"

"ఇన్నేండ్లూ యాడికి పోయినావే?" అంది భీమక్క. కోపంగా అంది.

"నేను యాడికి పోదునే? ఈడనే ఉండా. నువ్వే రాకపోతివి."

ఇద్దరూ నేల మీద చతికిలబడి, చెరో పక్క నుంచి కొర్రలు దోసిళ్లతో చేటలోకి ఎత్తడం మొదలుపెట్టారు. హులిగెమ్మ వెనక్కి వచ్చి ఆటో పక్కన నిలబడింది. ఆమెకు ఏడుపు రాలేదు. ఒళ్లంతా తేలికైపోయి, ఎండలో తన నీడ కూడా తన కింద లేనట్టు అనిపించింది. జెస్సీ కళ్లు తుడుచుకుంటూ, "నాకీ చూపించినావు మే" అంది.

ఆ వేసవిలో హులిగెమ్మ తన పాత థీసిస్‌ను తిరగరాసింది. పెళ్లి పల్లకి వెళ్లిపోయాక ఆ ఆడవాళ్లు ఏమయ్యారో ఇప్పుడు రాయడానికి ఆమె భయపడలేదు. కావ్యాల్లో లేదని మొదటి వాక్యంలోనే చెప్పి, తర్వాత తనకు తెలిసిన సాళ్లూ చేన్లూ సంతలూ రాసుకుంటూ పోయింది. జెస్సీ గుంతకల్లులో కంపోజు చేసింది. పుస్తకం అచ్చయ్యాక ఒక కాపీ తీసుకుని శాంతయ్య గారి ఇంటికి పోతే ఆయన అట్ట తిప్పి చూసి, "ఇంకా వింజామర దించలేదా అమ్మా?" అని దెప్పాడు. వారం తర్వాత ఫోను చేసి రెండు అచ్చుతప్పులు చెప్పాడు. అంటే చివరిదాకా చదివాడన్నమాట. అంతకుమించి ఏమీ అనలేదు.

కొత్త సంవత్సరంలో తెలుగు తీసుకున్న పిల్లలు పన్నెండు మంది. పెద్ద సంఖ్యేం కాదు. శిల్ప ఎమ్మేలో చేరి, పై చదువుకు ఏ అంశం తీసుకోవాలా అని వారానికో కొత్త పేరు చెప్పి మేడం ప్రాణం తీస్తోంది. వేపచెట్టు పక్క గదిలో మధ్యాహ్నాలు ఎవరైనా వచ్చి కూర్చుంటారా అంటే, ఒక్కోసారి వస్తారు. రాని రోజులే ఎక్కువ. రాని రోజున ఆమెకు దిగులుండదు.

వానలు ఇంకా పడని ఆషాఢంలో, రద్దీ లేని ఒక మామూలు రోజు, ఈరమ్మను కూతురింటి నుంచి పిలిపించి, హులిగెమ్మ ముసలివాళ్లిద్దరినీ మహానంది తీసుకుపోయింది. జెస్సీ కూడా వచ్చింది. పుట్టినప్పటినుంచీ బిందె నీళ్ల కోసం పొద్దంతా కాచుకున్న మనుషులు వాళ్లు. కోనేటి మెట్ల మీద నిలబడి భీమక్క నోరు తెరిచి చూసింది. అడుగున రాతిపలకల గీతలు, చిల్లర నాణేలు, అన్నీ గాజులోంచి కనపడుతున్నట్టు కనపడుతున్నాయి. చూపు ఆనని ఈరమ్మకు భీమక్క వర్ణించి చెప్తోంది. "నీళ్లున్నట్టే లేదే. ఉత్త గాలే ఉన్నట్టుండాది." ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగారు. నీళ్లు నడుము దాకా వచ్చాయి, భుజాల దాకా వచ్చాయి. చీరలు ఉబ్బి పువ్వుల్లా పైకి తేలాయి. ఇద్దరూ చిన్నపిల్లల్లా కిలకిలా నవ్వడం మొదలుపెట్టారు.

హులిగెమ్మ, జెస్సీ మెట్టు మీద కూర్చుని పాదాలు నీళ్లలో పెట్టుకున్నారు. ఎక్కడో రాళ్ల కింద నుంచి ఊట మెత్తగా తోస్తోంది. నల్లమల మీది నుంచి గాలి వస్తోంది.

"అమ్మా, చాలు రా. బస్సుకు టైమైతాంది" అని పిలిచింది హులిగెమ్మ.

"పోతే పోనీలే" అంది భీమక్క నీళ్లలోంచి. "ఇంగో బస్సు రాదా?"

పట్టుకున్న ఈరమ్మ చెయ్యి వదలకుండానే మళ్లీ మెడ దాకా మునిగింది.